అచ్చు గుద్దిన కేబిన్

ఇంగ్లండ్‌లోని రట్లండ్ కౌంటీలో ఓకమ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి రైల్వే గేటు పక్కన, మిడ్లండ్ రైల్వే వాళ్లు 1899లో కట్టిన చెక్క కేబిన్ ఇప్పటికీ నిలబడి ఉంది. నాలుగు వైపులా వాలిన కప్పు, పై అంతస్తు చుట్టూ అద్దాల కిటికీలు, బయటి నుంచి ఎక్కే చెక్క మెట్లు. అక్కడివాళ్లు దాన్ని సిగ్నల్ బాక్స్ అంటారు. మనకు కేబిన్ అంటే చాలు, లీవర్లు లాగే మనిషి కళ్లముందు మెదులుతాడు. అలాంటి కేబిన్లు ఆ దేశంలో ఒకప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. వాటిలో ఈ ఒక్కదాన్ని చూసి 1950ల చివర్లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఒక ప్లాస్టిక్ కిట్ తయారుచేసింది. దాంతో ఓకమ్ కేబిన్ దశ తిరిగింది.

కిట్ చౌక. పిల్లలు తమ చేతిఖర్చు డబ్బులతో కొనుక్కోగలిగేంత చౌక. సంచీ విప్పితే ప్లాస్టిక్ కొమ్మలకు కాయల్లా వేలాడే గోడలు, కప్పు, మెట్లు, పొగగొట్టం. తుంచి, గమ్ము పెట్టి అతికిస్తే ఒక్క సాయంత్రంలో కేబిన్ లేచి నిలబడుతుంది. లెక్కలేనన్ని ఇళ్లలో, బొమ్మ రైలు పట్టాల పక్కన అది వెలిసింది. ఎయిర్‌ఫిక్స్ రైల్వే అచ్చులు 1980లలో డాపోల్ అనే కంపెనీ చేతికి వచ్చాయి. ఆ కేబిన్ కిట్ ఈనాటికీ అమ్ముడవుతూనే ఉంది. స్కాట్లండ్ కొండల్లో రైలు నడిపే నమూనా అయినా, కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డున నడిపే నమూనా అయినా, పట్టాల పక్కన ఓకమ్ కేబినే. రెండు వస్తువులు ఒకేలా ఉంటే అచ్చు గుద్దినట్టున్నాయని మాటవరసకు అంటాం. ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం.

మోడల్ రైల్వే మీద మక్కువ పెంచుకున్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఆగే మలుపు ఇదే. పెట్టెలో వచ్చిన ఇంటిని ఉన్నదున్నట్టు కట్టి పెట్టుకోవాలా? దాన్ని కోసి, కలిపి, మరో ఇల్లుగా మార్చుకోవాలా? లేక పెట్టెను పక్కనపెట్టి, ఖాళీ ప్లాస్టిక్ రేకు మీద మొదటి గీత తానే గీసుకోవాలా? రెండో దారిని కిట్‌బ్యాషింగ్ అంటారు, మూడోదాన్ని స్క్రాచ్‌బిల్డింగ్ అంటారు. ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న వాదన ఈ వ్యాపకంలో ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది.

ముందు కొలతల సంగతి కొంచెం తెలియాలి. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ఓఓ స్కేలులో అసలు వస్తువు 76 అడుగులుంటే నమూనా ఒక అడుగు. అమెరికాలో, యూరప్‌లో ఎక్కువగా వాడే హెచ్‌ఓలో ఆ నిష్పత్తి 87కి ఒకటి. రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే పట్టాల మీద. హెచ్‌ఓలో ఆరడుగుల మనిషి ఎత్తు 21 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మొదటి కణుపంత. ఓఓలో ఒక అడుగంటే 4 మిల్లీమీటర్లు. తొమ్మిదంగుళాల ఇటుక పొడవు 3 మిల్లీమీటర్లు, దర్జుతో కలిపి ఇటుక వరస ఎత్తు ఒక మిల్లీమీటరు. ఈ ఇటుక లెక్కతో ముందు ముందు చాలా పని ఉంది.

పాత కిట్‌ను మార్చడం అంటే ఏమిటో తెలియడానికి ఓకమ్ కేబిన్ కన్నా మంచి పాఠం లేదు. అసలు కేబిన్ల పొడవు లోపలున్న లీవర్ల సంఖ్యను బట్టి ఉండేది. చిన్న స్టేషన్‌కు పొట్టి కేబిన్, దారులు చీలే జంక్షన్‌కు పొడవాటి కేబిన్. కాబట్టి పెద్ద జంక్షన్ కడుతున్నవాడు బల్ల మీద పొట్టి కేబిన్ పెడితే తెలిసినవాళ్ల కంటికి వెంటనే తేడా కొడుతుంది. దీనికి మందు రెండు కిట్లు కొనడం. మొదటి కిట్ ముందుగోడను ఒకచోట, రెండో కిట్ గోడను మరోచోట కోసి కలిపితే ఒకటిన్నర రెట్ల పొడవున్న కేబిన్ వస్తుంది.

ఈ పనిలో నేర్పంతా ఎక్కడ కోయాలన్న నిర్ణయంలోనే ఉంది. గోడ నడిమధ్యన కోస్తే అతుకు గీత ఎన్ని రంగులు పూసినా తొంగిచూస్తుంది. రెండు కిటికీల మధ్య నిలువు కమ్మీ అంచు వెంట కోస్తే అతుకు నీడలో కలిసిపోతుంది. అదీ కుదరకపోతే అతుకు మీదుగా ఒక వాననీటి గొట్టం దింపుతారు. చూసేవాళ్లకు అది గొట్టం, కట్టినవాడికి కప్పిపుచ్చిన కుట్టు. కోతకు సన్నని పళ్ల రంపం వాడతారు. అంచులను ఆకురాయితో సాపు చేస్తారు. మూలమట్టం పెట్టి చూసి, రెండు ముక్కలనూ ఆనించి పట్టుకుని, సందులో కుంచె కొసతో ద్రావకం ఒక్క చుక్క వదులుతారు. అది సన్నటి సందు వెంట దానంతటదే పాకి, రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి, ఒకే ముక్కగా చేస్తుంది. మామూలు గమ్ము పైన అంటుకుని పట్టి ఉంచుతుంది, ద్రావకం మాత్రం ప్లాస్టిక్‌తో ప్లాస్టిక్‌ను కలిపేస్తుంది. ఇంకా గాడి మిగిలితే పుట్టీ పెట్టి, ఆరాక సన్నని గరుకు కాగితంతో రుద్దుతారు.

తర్వాత వంతు కిటికీలది. 1950ల నాటి అచ్చుల్లో కమ్మీలు మందంగా ఉంటాయి. ఓఓలో కిటికీ కమ్మీ ఒక్క మిల్లీమీటరు మందం ఉంటే, అసలు లెక్కలో అది మూడంగుళాలు, అంటే కిటికీకి దూలం బిగించినట్టు. అందుకే చాలామంది ఆ కమ్మీలను తీసేసి, రసాయనంతో చెక్కిన పలుచటి ఇత్తడి కిటికీలు పెట్టుకుంటారు. మెట్లు మారుస్తారు. కింది చెక్కగోడ బదులు ఇటుక గోడ పెడతారు. ఇన్ని మారాక అందులో ఎయిర్‌ఫిక్స్ ఎంత మిగిలిందని అడిగితే, కప్పు తప్ప ఏదీ చూపించలేని నమూనాలు ఎన్నో ఉన్నాయి.

అమెరికాలో ఈ కోత విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు ఆర్ట్ కరెన్. మోడల్ రైల్‌రోడర్ పత్రికలో ఏళ్ల తరబడి, బజారులో దొరికే మామూలు కిట్ల నుంచి ఎవరూ ఊహించని ఫ్యాక్టరీలు, గోదాములు ఎలా పుట్టించాలో చూపించాడు. కిట్ మీది బొమ్మను ఆయన పట్టించుకునేవాడు కాదు. లోపలి గోడలను గోడలుగానే చూసేవాడు. నాలుగు గోడల ఇంటిని విప్పి, నాలుగింటినీ ఒకే వరసలో నిలబెడితే వీధి పొడవునా సాగే ఫ్యాక్టరీ ముఖం అవుతుంది. నమూనా బల్లలు సాధారణంగా గోడకు ఆనించి ఉంటాయి కనుక వెనక భాగం ఎవరికీ కనబడదు, కనబడని గోడతో పనేముంది? మన అమ్మమ్మలు పాత చీర చూడగానే బొంతకు అంచు ఏదవుతుందో, నడిమి ఏదవుతుందో మనసులోనే లెక్క వేసుకునేవారు. కరెన్ కన్ను కూడా కిట్ల మీద అలాగే పడేది.

కోసి మార్చడానికి కిట్లు కొత్తవే కానక్కర్లేదు. ఎవరో కట్టి, దుమ్ము పట్టించి, చివరికి సంతలో అమ్మేసిన ఇళ్లు చవగ్గా దొరుకుతాయి. వాటిని మళ్లీ విడదీయడం ఒక విద్య. కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెడితే కొన్ని రకాల పాత గమ్ము పెళుసెక్కి, కాస్త వంచగానే టిక్కుమని అతుకు వీడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే పాత రంగు చాలావరకు పొరలుగా లేచిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో తోముతుంటే పాత రంగు కింద నుంచి ఇటుకల గీతలు ఒక్కొక్కటే బయటపడటం చూసినవాళ్లకు ఆ సంతోషం తెలుస్తుంది.

అయితే ఎంత కోసినా లొంగని కిట్లూ ఉన్నాయి. అమెరికాలో కొన్ని తరాలను ఈ వ్యాపకంలోకి తెచ్చినవి ఏథర్న్ కంపెనీ నీలిరంగు పెట్టెలు. విడిభాగాలు ఎంత తేలిగ్గా కూడుకుంటాయంటే పెట్టెను ఊపితే చాలు బండి తయారవుతుందని వాటికి పేరు. కానీ ఆ కంపెనీ పాత డీజిల్ ఇంజన్లు కొన్నింటిలో ముందరి బానెట్టు ఉండాల్సినదానికన్నా వెడల్పు. కారణం లోపలి మోటారు. అప్పట్లో దొరికిన మోటారు అసలు కొలత ప్రకారం చేసిన డొల్లలో పట్టేది కాదు, అందుకని డొల్లనే వెడల్పు చేశారు. పక్కనుంచి చూస్తే ఇంజను ముద్దుగానే ఉంటుంది, ఎదురుగా చూస్తే తప్పు తెలుస్తుంది. కొందరు పట్టుదల గల మనుషులు ఆ డొల్లను నిలువునా చీల్చి, మధ్యలోంచి సన్నటి పట్టీ తీసేసి మళ్లీ కలిపారు. అలా చేస్తే ముందున్న తలుపులు, పైనున్న ఫ్యాన్లు, చివరనున్న కేబ్ అన్నీ మళ్లీ సరిచేసుకోవాలి. ఒక తప్పును దిద్దబోతే పది పనులు మీదపడతాయి. అక్కడికొచ్చాక కొత్తగా కట్టుకోవడమే తేలిక అని చేయి తిరిగినవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

ఇక కొత్తగా కట్టడం ఎంత దూరం పోగలదో చూడాలంటే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెకు వెళ్లాలి. అక్కడ పెండన్ మ్యూజియం ఉంది. దాన్ని స్థాపించిన రాయ్ ఇంగ్లండ్ పేరులో ఇంగ్లండ్ ఉన్నా ఆస్ట్రేలియా మనిషి. 1920లలో బ్రిటన్‌కు వచ్చి, వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయలోని పల్లెల అందానికి ముగ్ధుడైపోయాడు. ఆయన కళ్లెదుటే పాత పూరికప్పులు పోయి ఆస్‌బెస్టాస్ కప్పులు వస్తున్నాయి. ఈ ఇళ్లు పోకముందే వీటిని ఉన్నవున్నట్టు దాచాలని నిశ్చయించుకున్నాడు. 1954లో మొదలైన మ్యూజియంలో స్వచ్ఛంద సేవకులు ఆ లోయను 1920లు, 30లలో ఉన్న రూపంలో కడుతూ వచ్చారు. రాయ్ ఇంగ్లండ్ 1995లో కన్నుమూశాక కూడా పని ఆగలేదు.

అక్కడి ఇళ్లకు కిట్ అన్న మాటే లేదు. అసలు ఇల్లు ఎక్కడుందో వెళ్లి చూస్తారు, కొలుస్తారు, పాత ఫోటోలు వెతుకుతారు. తర్వాత దళసరి అట్ట మీద గోడ గీసి, ఇటుక ఇటుకకూ దర్జు గీత నొక్కి, వాటర్‌కలర్లతో ఒక్కో ఇటుకకు రంగు వేస్తారు. ఒక్క రంగు వేస్తే సరిపోదు. కాలిన ఇటుక నల్లగా, తడి తగిలే ఇటుక పాచిగా, ఎండకు ఎండిన ఇటుక వెలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ ఇటుక లెక్క గుర్తుచేసుకోవాలి. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తున్న గోడలో ఇటుకలు పొడవుగానే పేర్చినా మూడు వేల పైచిలుకు పడతాయి. ఒక్క ఇంటికి వందల గంటలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. తోటలోని కాలీఫ్లవర్లు, కిటికీ వెనక కనీకనబడని కుర్చీ కూడా అదే శ్రద్ధతో చేస్తారు.

ఇదే మ్యూజియంలో మరో నిధి ఉంది, జాన్ ఎహెర్న్ కట్టిన మాడర్ వ్యాలీ. లండన్‌లో తన ఇంట్లో 1930లలో మొదలుపెట్టి కట్టుకున్న ఊహాలోకపు రైల్వే అది. రైలొక్కటే కాదు, రైలు వెళ్లే ఊరు కూడా నమూనాలో భాగమేనని ఆ రోజుల్లో చేసి చూపించినవాళ్లలో ఆయన ముందువరసవాడు. ఇళ్లను అట్టతో తానే కట్టాడు, ఎలా కట్టాలో పుస్తకం కూడా రాశాడు. కానీ ఇంజన్ల దగ్గరికి వచ్చేసరికి బజారులో దొరికినవాటిని తన రైల్వేకు తగ్గట్టు మార్చుకోవడానికి వెనకాడలేదు. ఒకే మనిషి, ఒకే బల్ల, రెండు దారులూ. ఏది గొప్ప అన్న వాదనకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

కొత్తగా కట్టే పద్ధతిలో మొదటి అడుగు పనిముట్లతో పడదు, చూపుతో పడుతుంది. కట్టాల్సిన ఇంటి కొలతలు ఒక్కోసారి దొరకవు. యజమాని లోపలికి రానివ్వకపోవచ్చు, ఇల్లే కూలిపోయి ఉండవచ్చు. అప్పుడు ఫోటోలోని ఇటుకలే కొలబద్ద. తలుపు పక్కన ఇటుక వరసలు లెక్కపెడితే తలుపు ఎత్తు తెలుస్తుంది. నాలుగు వరసలకు ఒక అడుగు. చూరు దాకా లెక్కపెడితే గోడ ఎత్తు, అడ్డంగా లెక్కపెడితే పొడవు. ఒక్క ఫోటోతో ఇంటి పటం గీసేయవచ్చు. ఆ లెక్క పెట్టినవాడికి, కిట్ కట్టేవాడికి ఎన్నడూ కనబడని సంగతులు కనబడతాయి. ఒక కిటికీని తర్వాతెప్పుడో ఇటుకలతో పూడ్చేశారని, వెనక గది తర్వాత కలిపారని, అందుకే అక్కడి దర్జు వేరని.

చేత్తో కిటికీ చేయడమూ ఒక అనుభవమే. ఓఓలో మూడడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తున్న కిటికీ అంటే 12 మిల్లీమీటర్లకు 20. గీసిన కాగితం మీద గాజుపలక పెట్టి, పైన పావు మిల్లీమీటరు మందం, అర మిల్లీమీటరు వెడల్పున్న ప్లాస్టిక్ పుల్లలు పట్టకారుతో పేర్చాలి. ఊపిరి కాస్త గట్టిగా వదిలితే పుల్ల ఎగిరిపోతుంది. ద్రావకం చుక్క కొంచెం ఎక్కువైతే పుల్ల మెత్తబడి వంగిపోతుంది. ఆరు కిటికీలు చేయడానికి తొమ్మిది చేసి, వాటిలో బాగున్నవి ఏరుకునేవాళ్లే ఎక్కువ. అందుకే గోడలు సొంతంగా కట్టినా కిటికీలు, తలుపులు విడిగా కొనుక్కునేవాళ్లు బోలెడుమంది. వాళ్లు కట్టింది స్క్రాచ్‌బిల్డింగ్ కాదంటే ఎలా?

ఈ చిక్కును నియమాలతో తేల్చడానికి అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రయత్నించింది. కొలతలు, రూపం తేల్చే పని మనిషి తానే చేసి ఉండాలి, అదీ వాళ్ల నిర్వచనం. మోటారు, చక్రాలు, కప్లర్లు, బల్బులు కొన్నా తప్పులేదు. కానీ అసలు విశేషం వాళ్లు మార్కులు పంచిన తీరులో ఉంది. ఒక నమూనాకు మొత్తం 125 మార్కులు. నిర్మాణ నైపుణ్యానికి 40, అసలు రైల్వేతో పొందికకు 25, రంగులకు, రాతలకు 25, చిన్న చిన్న వివరాలకు 20. సొంతంగా తయారుచేసినందుకు విడిగా ఇచ్చేవి 15 మాత్రమే. మెప్పు పత్రానికి 87.5 చాలు. అంటే శ్రద్ధగా మార్చిన కిట్‌కు ఆ పత్రం అందని ద్రాక్ష కాదు. కట్టడాల్లో నిపుణుడనిపించుకోవాలంటే మాత్రం 12 కట్టి చూపించాలి, వాటిలో కనీసం 6 సొంతంగా కట్టినవి కావాలి. సగం సగం. ఈ పంపకం న్యాయంగా ఉంది. ఎందుకంటే కిట్‌లో చెడ్డది కిట్ కాదు, పెట్టె మీది బొమ్మ దాటి చూపు కదలకపోవడం. రెండు కిట్లు కోసి ఒక నిజమైన కేబిన్ తెచ్చినవాడు, ఆ నిజమైన కేబిన్ ఎక్కడుందో ముందే వెళ్లి చూసి ఉంటాడు.

పాత పనిని కొత్తదానిలో కలుపుకోవడం ఆరితేరినవాళ్లూ చేశారు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ అలెన్ అనే ఫోటోగ్రాఫర్ కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ అనే రైల్వే ఈ వ్యాపకంలో ఒక పురాణం. కొండలు, లోతైన లోయలు, వాటి మీద ఒకదాని కన్నా ఎత్తుగా ఒకటి వంతెనలు. తొలి రోజుల్లో కట్టిన, చాపంత చిన్న బల్లను ఆయన పారేయలేదు. గది నిండా విస్తరించిన చివరి రైల్వేలో దాన్ని ఒక ముక్కగా కలిపేసుకున్నాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ రైల్వే దాదాపు మొత్తం కాలిపోయింది. మిగిలినవి ఆయన తీసిన ఫోటోలు.

ఇప్పుడు లేజర్‌తో కోసే చెక్క, త్రీడీ ప్రింటర్ వచ్చి ఈ దారుల మధ్య గీతలను ఇంకా చెరిపేస్తున్నాయి. కంప్యూటర్‌లో కిటికీ గీసి, ప్రింటర్‌తో రెండు డజన్లు తీసుకున్నవాడు పుల్లలు పేర్చలేదు నిజమే. కానీ కొలత తానే తీశాడు, తానే గీశాడు.

భారతీయ రైళ్లను నమూనాగా కట్టాలనుకునేవాళ్లకు మాత్రం ఈ ప్రశ్న చాలా తొందరగా ఎదురవుతుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ లెక్కలో అది 19.3 మిల్లీమీటర్లు రావాలి, బజారులో దొరికే పట్టా 16.5. ఆ తేడాను చూసీచూడనట్టు పోవాలి, లేదా పట్టా కూడా చేత్తో వేసుకోవాలి. మీటర్ గేజ్ దగ్గర అదృష్టం కాస్త మేలు. లెక్క ప్రకారం 11.5 రావాలి, స్విట్జర్లండ్ కొండ రైళ్ల నమూనాల కోసం చేసే పట్టా 12 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు.

అలా గుంటూరు - గుంతకల్లు లైనునో, సికింద్రాబాద్ - మన్మాడ్ లైనునో మీటర్ గేజ్ రోజుల్లో ఉన్నట్టు కట్టాలని ఎవరైనా అనుకుంటే పట్టా దొరుకుతుంది. ఆ లైన్లలోని చిన్న స్టేషన్ దొరకదు. దానికి ఏ కంపెనీ అచ్చు పోయలేదు. గేజ్ మారినప్పుడు ఎన్నోచోట్ల పాత కట్టడాల రూపమూ మారిపోయింది. ఎవరి ఇంట్లోనో పెళ్లి ఆల్బమ్‌లో, రైలెక్కబోతూ ప్లాట్‌ఫాం మీద దిగిన నలుపు తెలుపు ఫోటో ఉంటుంది. మనుషుల భుజాల వెనక టికెట్ కిటికీ, దాని పక్కన సున్నం ఊడి ఇటుకలు తేలిన గోడ. భూతద్దం పట్టుకుని, కింది నుంచి పైకి ఆ వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టవచ్చు.